చెల్లి పుట్టినరోజు, మైసూరు వీధులు

మా చెల్లి కర్నూలులో తెలుగు లెక్చరరు. ఈసారి పుట్టినరోజుకి దానికి నలభై నిండాయి. "ఇంట్లో ఉంటే ఆ రోజు కూడా వంట నాకు తప్పదక్కా, ఎటైనా పోదాం" అంది. పిల్లలు వద్దు, కారు వద్దు, పొద్దున్నుంచి రాత్రి దాకా టైము చూసుకుని పరుగెత్తడం అసలే వద్దు. బాగా నడవాలి, మంచి టిఫిన్లు తినాలి, ఒక చీర కొనుక్కోవాలి. ఇంకో కోరిక కూడా చెప్పింది: తెలుగు పండితుడు, సంగీతం తెలిసిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు పాఠం చెప్పిన కాలేజీని చూడాలట. ఇవన్నీ ఒకే చోట దొరికే ఊరు మైసూరే.

కాచిగూడ నుంచి మైసూరుకి నేరుగా రాత్రి రైలుంది. నేను కాచిగూడలో ఎక్కాను, తను కర్నూలులో ఎక్కింది. తెల్లవారేసరికి బెంగళూరు వచ్చింది, టిఫిన్ వేళ దాటాక మైసూరులో దిగాం. పుట్టినరోజు ఆదివారం కాబట్టి శనివారానికి చేరేలా టికెట్లు తీసుకున్నాం. ఆదివారాన్ని అంత పట్టుబట్టి చూసుకోవడానికి కారణం ఆ రోజు రాత్రి వెలిగే ప్యాలెస్ దీపాలు.

బస గురించి చాలా ఆలోచించాం. పుట్టినరోజు కదా అని పెద్ద హోటలు చూడబోయాం. గోకులం వైపు హోమ్‌స్టేలు ప్రశాంతంగా ఉంటాయి. యోగా నేర్చుకోవడానికి వచ్చే విదేశీయులు ఎక్కువగా ఉండేది అక్కడే. కానీ ప్రతిసారీ ఆటో ఎక్కి రావాలి. చివరికి గాంధీ స్క్వేర్ దగ్గర ఒక పాత లాడ్జిలో దిగి, మిగిలిన డబ్బు తిండికీ చీరకీ పెట్టుకున్నాం. గది పెద్దది, పైకప్పు ఎత్తుగా ఉంది, దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి. వేడినీళ్లు మాత్రం ఉదయం ఎనిమిదిన్నర దాకానే. బుక్ చేసేటప్పుడు ఆ ముక్క ఎవరూ చెప్పలేదు. అడిగితే "బకెట్ పంపిస్తాం" అన్నారు. పంపించారు గానీ ముప్పావుగంట పట్టింది. రాత్రి పది దాకా వీధి చప్పుడు తప్పదు. అయినా మళ్ళీ వెళ్తే అక్కడే దిగుతాను. గుమ్మం దాటితే ఒక పక్క ప్యాలెస్, ఇంకో పక్క దేవరాజ మార్కెట్. మధ్యాహ్నం కాళ్ళు నొప్పి పుడితే గదికి వచ్చి గంట పడుకుని మళ్ళీ బయటపడొచ్చు. నడిచి తిరగాలనుకునేవాళ్ళకి ఇంతకంటే పెద్ద సౌకర్యం లేదు.

ప్యాలెస్‌కి శనివారం మధ్యాహ్నమే వెళ్ళాం. ఇప్పుడు మనం చూసేది పాత కట్టడం కాదు. అంతకుముందున్న చెక్క ప్యాలెస్ 1897లో రాజకుమారి పెళ్ళి వేడుకల్లో కాలిపోయింది. అప్పటికి నాల్వడి కృష్ణరాజ ఒడెయరు చిన్నవాడు, రాజ్యం నడుపుతున్నది ఆయన తల్లి కెంపనంజమ్మణ్ణి. కొత్తది కట్టే పని హెన్రీ ఇర్విన్ అనే ఆర్కిటెక్టుకి అప్పగించింది. 1912కి అది పూర్తయింది. చెప్పులు బయట వదిలి, బాణం గుర్తుల వెంట ఒకే దారిలో నడవాలి. వెనక్కి రావడం కుదరదు. అందుకే నచ్చిన చోట పక్కకి తప్పుకుని నిలబడాలి. మేము కల్యాణ మంటపంలో అలాగే చాలాసేపు ఉండిపోయాం. ఎనిమిది పలకల మంటపం అది. గ్లాస్గో నుంచి వచ్చిన ఇనుప స్తంభాలు, పైన నెమళ్ళు తీర్చిన రంగు గాజు కప్పు. చుట్టూ గోడల మీద దసరా ఊరేగింపు చిత్రాలు. ఏనుగులు, సిపాయిలు, మేడల మీద నుంచి చూస్తున్న జనం, ఒక్కో ముఖం ఒక్కో రకం. దర్బారు హాలు చూసి అందరూ ఆహా అంటారు గానీ, నా మనసు మాత్రం ఈ మంటపం దగ్గరే ఆగిపోయింది. సెలవు రోజుల్లో వెనకనుంచి తోపులాట ఉంటుంది. వీలైతే మామూలు రోజు పొద్దున్నే వెళ్ళండి.

బయటికి రాగానే ఆటోవాళ్ళు చుట్టుముట్టారు. చాలా తక్కువ డబ్బుకే ఊరంతా తిప్పుతామంటారు. ఒప్పుకుంటే ముందు అగరబత్తీల కొట్టుకి, తర్వాత గంధపు నూనె కొట్టుకి తీసుకెళ్తారు. అక్కడ వాళ్ళ కమీషన్ వాళ్ళకుంటుంది. మేము ఎక్కడికెళ్ళినా యాప్‌లోనే బుక్ చేసుకున్నాం, లేదంటే నడిచాం. ప్యాలెస్ నుంచి కె.ఆర్. సర్కిల్ దాకా నడక హాయిగా ఉంటుంది. నాల్వడి పాలనకి పాతికేళ్ళు నిండిన వెండి పండగకి 1927లో కట్టిన దొడ్డ గడియారం, బంగారు రంగు గొడుగు కింద నాల్వడి విగ్రహం దాటితే సయ్యాజీరావు రోడ్డు. దసరా రోజు అంబారీ ఊరేగింపు పోయే దారి అదే.

దేవరాజ మార్కెట్ గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. నూరేళ్ళు దాటిన కట్టడం. లోపల సన్నటి దారులు. ఒక వరుసంతా పూలే: మైసూరు మల్లెలు, కనకాంబరాలు, గులాబీలు, బంతులు. ఇంకో వరుసలో కుంకుమ రంగులన్నీ కుప్పలు పోసి ఉంటాయి. అరటి గెలల మధ్య నంజనగూడు రసబాళె అడిగి కొనుక్కున్నాం. చిన్న పండు, కాస్త పులుపు కలిసిన తీపి. చెల్లి తమలపాకులు కొని, నాలుగు వేసుకుని "ఇంత లేతగా మన దగ్గర దొరకవక్కా" అంది. ఆ ఆకుకీ, ఆ మల్లెకీ, ఆ అరటిపండుకీ మూడింటికీ భౌగోళిక గుర్తింపు ఉంది. ఈ మార్కెట్ ఉత్తరం వైపు భాగం 2016లో కూలింది. పాతదంతా కొట్టేసి కొత్తగా కట్టాలా, ఉన్నదాన్నే బాగుచేయాలా అన్న వాదన కోర్టుల దాకా వెళ్ళింది. నేను బాగుచేయాలనే వాళ్ళ పక్షం. ఆ వెలుతురు, ఆ వాసన, పక్కపక్కన కూర్చున్న పూలవాళ్ళ మాటలు కొత్త కాంప్లెక్సులో ఉండవు. హైదరాబాదులో మొజంజాహి మార్కెట్‌ని బాగుచేసుకున్నాం కదా, మైసూరు ఎందుకు చేసుకోలేదు?

మార్కెట్ పక్కనే గురు స్వీట్ మార్ట్. మైసూరుపాకు మొదట వండాడని చెప్పే ప్యాలెస్ వంటవాడు కాకాసుర మాదప్ప వారసుల కొట్టు. అక్కడి పాకు మన ఇళ్ళల్లో చేసే గుల్ల మైసూరుపాకులా ఉండదు, నెయ్యితో మెత్తగా ఉంటుంది. నాకు మా అమ్మ చేసే గుల్లదే ఇష్టం, చెల్లికి ఇది నచ్చింది. కొట్టు చిన్నది. నిలబడి తినేసి రావాల్సిందే.

ఆదివారం చీకటితోనే చాముండి కొండ అడుగుకి ఆటోలో వెళ్ళాం. మెట్లు వెయ్యికి పైనే. మొదటి మూడొందలు నిటారుగా ఉండి ఆయాసం తెప్పిస్తాయి, తర్వాత కాస్త తేలిక. చాలామంది మెట్టుమెట్టుకీ పసుపు కుంకుమ పెడుతూ ఎక్కుతున్నారు. దారిలో నంది కనిపించగానే అలసట పోయింది. దొడ్డ దేవరాజ ఒడెయరు కాలంలో, 17వ శతాబ్దంలో ఒకే రాతిలో చెక్కిన నంది అది. మెడలో గంటల దండలు, మువ్వలు ఒక్కొక్కటీ లెక్కపెట్టేంత స్పష్టంగా ఉన్నాయి. లేపాక్షి నందిని చూసి పెరిగినవాళ్ళం కాబట్టి ఇద్దరం పోల్చుకోకుండా ఉండలేకపోయాం. ఠీవిలో లేపాక్షిదే పైచేయి. తల ఎత్తి కూర్చున్న తీరే వేరు. ఇక్కడి నందికి పూజ జరుగుతుంది, రోజూ నూనె తాగి నల్లగా మెరుస్తుంది, అది ఇంకో అందం. పైన గుడిలో ఆదివారం జనం బాగా ఉన్నారు. ప్రత్యేక దర్శనం టికెట్ తీసుకున్నా కాసేపు నిలబడక తప్పలేదు.

దిగేటప్పుడు సిటీ బస్సు ఎక్కాం. కర్ణాటకలో ఆడవాళ్ళకి 2023 నుంచి బస్సు ఉచితం గానీ, అది ఆ రాష్ట్రం వాళ్ళకే. కండక్టరు మా ఆధార్ చూసి నవ్వి టికెట్ కొట్టాడు. మన దగ్గర తెలంగాణలో, ఆంధ్రలో కూడా అంతే కదా. బస్సు శుభ్రంగా ఉంది, సమయానికి వచ్చింది. కొండకి కారు మాట్లాడుకోవాల్సిన పనే లేదు.

ఆ రోజు మధ్యాహ్నం భోజనానికి మండీ మొహల్లాలో హనుమంతు పలావు. గాంధీ స్క్వేర్‌లో ఆర్.ఆర్.ఆర్. హోటల్లో ఆంధ్రా భోజనం అరిటాకులో పెడతారు, తెలుగువాళ్ళు చాలామంది అక్కడే తింటారు. ఇంట్లో తినేదే ఇక్కడా ఎందుకని మేము పలావు వైపు నడిచాం. మటన్ పలావులో మన బిర్యానీ ఘాటు ఉండదు, మసాలా తక్కువ, మాంసం మెత్తగా ఉడికింది. ఆడవాళ్ళిద్దరమే వెళ్ళినా ఎవరూ వింతగా చూడలేదు, వెంటనే చోటు చూపించి వడ్డించారు. అక్కడి నుంచి సెయింట్ ఫిలోమినా చర్చి దగ్గరే. దాని పునాదిరాయి 1933లో వేసింది కూడా నాల్వడి కృష్ణరాజ ఒడెయరే. జంట శిఖరాలు బయటి నుంచి చూసి వచ్చేశాం. జూకీ, బృందావన్ గార్డెన్‌కీ వెళ్ళలేదు. బృందావన్ ఊరికి దూరం, ఫౌంటెన్ల కోసం సాయంత్రమే పోవాలి. ప్యాలెస్ దీపాలు వదులుకుని పోయేంతది కాదు.

సాయంత్రం మహారాజా కాలేజీ. జె.ఎల్.బి. రోడ్డు మీదుగా నడుస్తుంటే చెట్ల నీడ, పాత భవనాలు. ఈ నేల మీద మనవాళ్ళ అడుగులు చాలా ఉన్నాయి. కట్టమంచి రామలింగారెడ్డి గారు ఆంధ్ర విశ్వవిద్యాలయానికి తొలి వైస్ ఛాన్సలర్ కాకముందు ఇక్కడ ఆచార్యులు, ప్రిన్సిపాలు కూడా. మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారు దివానుగా ఉండగా 1916లో మైసూరు విశ్వవిద్యాలయం పుట్టింది. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు 1918 నుంచి 1921 దాకా ఇక్కడే తత్వశాస్త్రం చెప్పారు. కలకత్తా వెళ్తుంటే విద్యార్థులే ఆయన బండిని స్టేషను దాకా లాగారు. ఇక రాళ్లపల్లి వారు. అనంతపురం జిల్లా వాసి. 1912లో కట్టమంచి వారి చొరవతో తెలుగు పండితుడిగా చేరి 1949 దాకా ఇక్కడే ఉన్నారు. తర్వాత తిరుపతిలో అన్నమయ్య సంకీర్తనలకి స్వరాలు కూర్చిందీ ఆయనే. ఇవాళ మనం ఆ పాటలు పాడుకుంటున్నామంటే ఆ పుణ్యంలో మైసూరుకీ వాటా ఉంది. ఈ ఊళ్ళో సంగీతం విని, నేర్చుకుని, రాసి ఎదిగిన మనిషి కదా.

సెలవు కాబట్టి గదులు మూసి ఉన్నాయి. కాపలాదారు వరండా దాకా వెళ్ళనిచ్చాడు. మా చెల్లి ఆ స్తంభాల పక్కన నిలబడి, తన క్లాసులో తెలుగు తీసుకునే పిల్లలు ఏటేటా తగ్గుతున్నారని చెప్పుకొచ్చింది. "కన్నడ దేశంలో ముప్పై ఏడేళ్ళు తెలుగు చెప్పారక్కా. మన ఊళ్ళో మనకి కష్టమవుతోంది" అంది. ఈ యాత్రలో నాకు అన్నిటికంటే నచ్చింది ఈ గంటే. టూరిస్టు లిస్టుల్లో ఈ కాలేజీ ఉండదు. తెలుగు చదువుకున్నవాళ్ళు ఎవరు మైసూరు వెళ్ళినా ఒక్కసారి అటు నడవాలి.

ఏడింటికి ప్యాలెస్ ముందు చేరాం. ఆదివారాలు, ప్రభుత్వ సెలవు రోజుల్లో దాదాపు లక్ష బల్బులు ఒక్కసారిగా వెలుగుతాయి. అందరి నోటా ఒకే "ఓ" వినిపించింది. ముప్పావుగంట మాత్రమే. ముందే వెళ్ళి, ప్రధాన ద్వారానికి ఎదురుగా కాకుండా కొంచెం పక్కకి గడ్డి దగ్గర నిలబడితే జనం తలలు అడ్డం రావు. చిన్నపిల్లలతో వచ్చేవాళ్ళు బయటికి పోయేటప్పుడు తొందరపడొద్దు, గేటు దగ్గర బాగా ఒత్తిడి ఉంటుంది.

డిన్నర్ మెట్రోపోల్‌లో. మహారాజు తన బ్రిటిష్ అతిథుల కోసం 1920 ప్రాంతంలో కట్టించిన హోటలు. ఆరుబయట చెట్ల కింద బల్లలు. కబాబులు, వేడి రోటీలు, చివర్లో ఐస్‌క్రీం. లాడ్జిలో మిగిల్చిన డబ్బు ఇక్కడ హాయిగా ఖర్చుపెట్టాం. ముందు రోజు రాత్రి వేరే చోట, మేడ మీద లైట్లు పెట్టిన ఒక రెస్టారెంటులో గంట కూర్చోబెట్టి చల్లారిన నూడుల్స్ తెచ్చారు. ఫోటోలు చూసి ఎంచుకునే చోట్ల ఇలాగే జరుగుతుంది.

సోమవారం పొద్దున నజర్‌బాద్‌లో మైలారి దోశ. ఒకే వీధిలో అదే పేరుతో రెండు హోటళ్ళున్నాయి, మేము జనం తక్కువున్న దాంట్లోకి వెళ్ళాం. దోశ దూదిలా మెత్తగా ఉంటుంది, కరకరలాడదు. మీద వెన్న, లోపల కూర, పక్కన కొబ్బరి చట్నీ. కారం దోశలు తినే కర్నూలు నాలుకకి మొదట చప్పగా అనిపిస్తుంది. రెండో దోశకి అలవాటైపోతుంది. మా చెల్లి మూడు తింది.

తర్వాత మానందవాడి రోడ్డులో ప్రభుత్వ పట్టు నేత ఫ్యాక్టరీ, 1912 నాటిది. ఆదివారం మూసేస్తారు, అందుకే సోమవారానికి ఉంచుకున్నాం. మగ్గాల హోరులో మాటలు వినపడవు. లోపల ఫోటోలు తీయనివ్వరు, పనివాళ్ళు మాత్రం ఓపికగా చూపిస్తారు. పక్కనే షోరూం. రంగులు అనుకున్నన్ని లేవు. అసలైన మైసూరు పట్టుకి గిరాకీ ఎక్కువ, స్టాకు తక్కువ, బేరం లేదు. ప్రతి చీరకీ దాని నంబరు ఉంటుంది. సన్న జరీ అంచున్న చిలకపచ్చ చీర తీసుకున్నాం. నీళ్ళలా జారుతుంది, మడత పడదు. తెల్లవారి ఎనిమిదింటి క్లాసుకి కట్టుకెళ్ళడానికి ఇంతకంటే సుఖమైన పట్టుచీర లేదంటుంది మా చెల్లి.

తిరుగు రైలు మధ్యాహ్నం. స్టేషనులో దొరికేవి నమ్ముకోకుండా దారికి చిత్రాన్నం కట్టించుకున్నాం. మైసూరుపాకు కొనాలంటే బయల్దేరే రోజే కొనండి, నెయ్యి కారి సంచి పాడవకుండా స్టీలు డబ్బా దగ్గరుంచుకోండి. శ్రీరంగపట్నం చూడలేదని చెల్లి అప్పుడే లెక్కలు మొదలుపెట్టింది. దానికి ఇంకో పుట్టినరోజు కావాలి, వచ్చేది నాది.