కాచిగూడ గల్లీయా, నల్లగండ్ల గేటెడ్ కమ్యూనిటీయా?

హైదరాబాదులో ఇల్లు వెతికేవాళ్లు కిరాయి, నీళ్లు, ఆఫీసు దూరం అడుగుతారు. చుట్టూ ఎవరుంటారన్నది చేరాకే గుర్తొస్తుంది. కాచిగూడలో ఓ పాత ఇంటి మేడ మీది పోర్షన్‌లో తొమ్మిదేళ్లున్నాను. ఆరేళ్లుగా నల్లగండ్ల వైపు ఒక గేటెడ్ కమ్యూనిటీలో ఉంటున్నాను. రకరకాల మనుషులు రెండు చోట్లా ఉన్నారు. కలిసే తీరే వేరు.

కాచిగూడలో మా కింద మరాఠీ కుటుంబం, ఎదురింట్లో కన్నడం మాట్లాడే రిటైర్డు టీచరు, మూల మీద మార్వాడీ కిరాణా, దాని పక్కన ఇస్త్రీ బండి. ఇదేమీ నిన్నమొన్నటి కలగలుపు కాదు. 1956 దాకా హైదరాబాదు మరాఠీ, కన్నడ జిల్లాలు కూడా ఉన్న రాష్ట్రానికి రాజధాని. ఆ జిల్లాలు బొంబాయికీ మైసూరుకూ వెళ్లిపోయినా, ఇక్కడ స్థిరపడ్డ వాళ్లలో చాలామంది కదల్లేదు. బార్కాస్‌లో అరబ్బు మూలాల కుటుంబాలు, ఏసీ గార్డ్స్‌లో ఆఫ్రికా మూలాల సిద్దీలు ఉండటానికీ కారణం కొలువే: నిజాం సైన్యం. నల్లగండ్ల సంగతీ అంతే, కాకపోతే కొలువు మారింది. 1998లో ఐటీ కంపెనీల కోసం కట్టిన సైబర్ టవర్స్ తెరిచాక, నల్లగండ్ల ఉన్న ఈ పడమటి వైపు ఒరియా, బెంగాలీ, మలయాళీ కుటుంబాలు దిగడం పెరిగింది.

భాషల లెక్క చూస్తే నల్లగండ్లదే పైచేయి. మా బ్లాకులో ఓనం ముగ్గు వేస్తారు, దుర్గాపూజ చేస్తారు, క్లబ్‌హౌస్ ముందు బతుకమ్మ ఆడతారు. మొదటి ఏడాది పై అంతస్తు ఒరియా ఆవిడ గునుగు పూల కట్ట పట్టుకొని, "దీనికి రంగెందుకు అద్దుతారు, తెల్లగా బాగానే ఉంది కదా" అని అడిగితే మా ఆవిడ దగ్గర జవాబు లేదు. ఇప్పుడు ఆవిడే ఎవరి బతుకమ్మైనా ఒరిగితే సరిచేస్తుంది. మా పిల్లాడికి అయిదు భాషల్లో తిట్లొచ్చు. తెలుగు చదవడమే అంతంతమాత్రం.

జీతాల లెక్క చూడండి, కథ తిరగబడుతుంది. ఇక్కడ అందరిదీ ఇంచుమించు ఒకే జీతం, ఒకే వయసు, ఒకే ఈఎంఐ. వంట చేసే ఆమె, డ్రైవరు, సెక్యూరిటీ అబ్బాయి సాయంత్రానికి గేటు దాటి వెళ్లిపోతారు. పనివాళ్లు సర్వీస్ లిఫ్టే వాడాలని నోటీసు అంటించిన సొసైటీ మాది. కాచిగూడలో ఇస్త్రీ చేసేవాడు అదే గల్లీలో ఉండేవాడు. అతని కూతురి పెళ్లికి గల్లీకి అడ్డంగా షామియానా వేస్తే, బ్యాంకు ఆఫీసరు గారు స్కూటరు చుట్టూ తిప్పుకొని వచ్చి, అక్కడే విస్తరి ముందు కూర్చున్నారు.

అక్కడి మనుషులు మంచివాళ్లు, ఇక్కడివాళ్లు కాదు అనడం నా ఉద్దేశం కాదు. అక్కడ ఒకరితో ఒకరికి పని పడేది. నల్లా వచ్చేది రోజు విడిచి రోజు. నాకు ఆఫీసులో ఆలస్యమైతే కింది మరాఠీ ఆంటీయే మా డ్రమ్ము నింపేది, మర్నాడు దెప్పేది కూడా. కరెంటు పోతే గల్లీ అంతా అరుగుల మీదికి వచ్చేది. నల్లగండ్లలో కరెంటు పోయిన పది సెకన్లలో జనరేటరు అందుకుంటుంది. ఎవరూ తలుపు తీయరు.

గల్లీ మీద మమకారంతో దాని కంతలు పూడ్చలేను. ఏ ఇంటికి ఎవరొచ్చారో, ఎప్పుడు వెళ్లారో అందరికీ కావాలి. ఇల్లు చూపించే ముందు ఇంటిపేరు అడిగేవాళ్లు, కులం తేల్చుకోవడానికే. మంచి ఉద్యోగమున్న నా ముస్లిం మిత్రుడికి మా పక్క పోర్షన్ ఇవ్వలేదు. రెండు నెలలు ఖాళీగానే పెట్టుకున్నారు. గేటెడ్‌లో కొనేటప్పుడు బిల్డరు డబ్బు చూస్తాడు తప్ప పేరు చూడడు, అది కొంత నయం. కిరాయికిచ్చేటప్పుడు మాత్రం ఆ కొన్నవాళ్లే వాట్సాప్‌లో "వెజ్ ఫ్యామిలీకే" అని పెడతారు.

ఏది మేలంటే, ఆడుకునే వయసు పిల్లలుంటే గేటెడ్. బండ్ల భయం లేదు, గంట సేపు వాళ్లను మరచిపోవచ్చు. రాత్రి డ్యూటీలు చేసే ఒంటరి ఆడపిల్లకూ అదే. అర్ధరాత్రి క్యాబ్ దిగితే కిటికీలోంచి ఎవరూ టైము చూసుకోరు. పెద్దవాళ్లుంటే గల్లీ అంటాను. మా అమ్మ నల్లగండ్లలో రెండు వారాలకు మించి ఉండదు. పద్నాలుగో అంతస్తు బాల్కనీలో కూర్చుని, "కింద పోయేవాళ్లు కనపడతరు గానీ పిలిస్తే వినపడదు" అంటుంది. కాచిగూడలో ఆవిడ రోజంతా మెట్ల మీదే ఉండేది, చిక్కుడుకాయలు ఒలుస్తూ, దారిన పోయే ప్రతివాడినీ ఆపుతూ.

నా ఒక్కడి కోసమైతే మళ్లీ కాచిగూడకే వెళ్తాను. కారు ఎక్కడ పెట్టాలో ఎవరైనా చెబితే.