టూరా, కాలేజీ కోచింగా: గోల్ఫ్ వదల్లేని కుర్రాడికి ఏది మేలు?

మా అక్క కొడుకు ఇక్కడ అమెరికాలో నాలుగేళ్లు కాలేజీ గోల్ఫ్ జట్టుకి ఆడాడు. ఈ వేసవితో చదువు అయిపోతోంది. "ఏరా, వీడేమో ప్రో అవుతానంటున్నాడు. వాళ్ల కోచ్ తన దగ్గరే అసిస్టెంట్‌గా ఉండిపొమ్మంటున్నాడట. ఏది మంచిదంటావ్?" అని అక్క ఫోన్ చేసింది. వారం రోజులుగా నా బుర్రలో అదే తిరుగుతోంది.

ముందు డబ్బు సంగతి. టీవీలో చూసే పీజీఏ టూర్ (అమెరికాలో మగ ప్రొఫెషనల్ గోల్ఫర్ల పెద్ద పోటీల వరస) వేరు, దాని కింద ఉండే చిన్న టూర్లు వేరు. కాలేజీ నుంచి బయటికొచ్చిన వాళ్లలో ఎక్కువమంది మొదలుపెట్టేది అక్కడే. ఎంట్రీ ఫీజు, ప్రయాణం, హోటల్, అన్నీ సొంత జేబులోంచే. కట్ తప్పితే, అంటే మొదటి రౌండ్ల తర్వాత ముందుకెళ్లే వాళ్లలో పేరు లేకపోతే, ఆ వారం పైసా రాదు. చేతి చమురు వదిలించుకోవడమే. అసిస్టెంట్ కోచ్ జీతం పెద్దదేమీ కాదు కానీ నెలనెలా వస్తుంది. ఈ విషయంలో కోచింగే మేలు, వాదన అక్కర్లేదు.

అలాగని కోచ్ బతుకు హాయి అనుకోవద్దు. జట్టు వ్యాను నడపాలి, హైస్కూల్ పిల్లల పోటీల వెంట ఊళ్లు తిరగాలి. చాలా ఏళ్లపాటు కాలేజీ ఆటల్లో పైస్థాయి అయిన డివిజన్ వన్‌లో మగపిల్లల గోల్ఫ్ జట్టు మొత్తానికి 4.5 స్కాలర్‌షిప్పులే ఉండేవి. ఎవరికి సగం, ఎవరికి పావు అని పంచి, ఆ మాట తల్లిదండ్రుల ముందు కూర్చుని చెప్పాల్సింది కోచే.

ఈ రెండు జీవితాలూ చూసిన మనిషి కేసీ మార్టిన్. ఒరెగాన్‌లోని యూజీన్ ఆయన సొంతూరు. కుడికాలిలో పుట్టుకతోనే రక్తప్రసరణ లోపం. నడిచే కొద్దీ నొప్పి, ఎముక విరిగే ప్రమాదం. ఆ కాలితోనే స్టాన్‌ఫర్డ్ జట్టుకి ఆడి 1994లో జట్టుతో ఎన్‌సీఏఏ (కాలేజీ ఆటల జాతీయ సంస్థ) టైటిల్ గెలిచాడు. ప్రో అయ్యాక పోటీల్లో నడవకుండా కార్టు (మైదానంలో తిరిగే చిన్న బండి) వాడనివ్వమని పీజీఏ టూర్ మీద కోర్టుకెళ్లాడు. 2001లో సుప్రీంకోర్టు 7-2తో ఆయన పక్షాన తీర్పిచ్చింది. కానీ అప్పటికే టూర్ కార్డు, అంటే పీజీఏ టూర్‌లో ఆడే అర్హత, చేజారింది. పీజీఏ టూర్‌లో ఆయన నిండుగా ఆడిన సీజన్ 2000 ఒక్కటే.

2006లో సొంతూళ్లోనే ఒరెగాన్ విశ్వవిద్యాలయం జట్టుకి కోచ్ అయ్యాడు. 2013లో జూనియర్ క్వాలిఫయింగ్ పోటీలో కుర్రాళ్ల ఆట చూడ్డానికి వెళ్తే, కార్టు దిగమన్నారు! కార్టు కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్లిన మనిషిని. తర్వాత ఆ పోటీ నడిపే అమెరికా గోల్ఫ్ సంఘం యూఎస్‌జీఏ క్షమాపణ చెప్పిందనుకోండి, అది చదివినప్పుడు మాత్రం నా కడుపు మండింది. 2016లో ఆయన జట్టు ఆడిన కాలేజీల జాతీయ ఫైనల్ యూజీన్ కంట్రీ క్లబ్‌లోనే జరిగింది. అయిదు మ్యాచ్‌ల్లో నాలుగు అయ్యేసరికి టెక్సస్‌తో 2-2. ఆఖరి మ్యాచ్ పద్దెనిమిది హోల్స్ దాటి, మూడో అదనపు హోల్‌లో తేలింది. గెలిపించిన పట్ (గ్రీన్ మీద బంతిని గుంతలోకి దొర్లించే దెబ్బ) కొట్టింది ఆయన శిష్యుడు. ఊపిరి బిగబట్టి నిలబడ్డమే కోచ్ వంతు. 2021లో ఆ కాలు తీసేశారు. కోచింగ్ మాత్రం మానలేదు.

స్టాన్‌ఫర్డ్‌లో టైగర్ వుడ్స్‌తో కలిసి ఆడిన కాన్రాడ్ రే కూడా అంతే. కొన్నాళ్లు ప్రోగా తిరిగి, పాత కాలేజీకే కోచ్‌గా వచ్చి 2007, 2019లలో జాతీయ టైటిళ్లు సాధించాడు.

మరి టూర్ తప్పా? మన తెలుగు కుటుంబం బిడ్డ సాహిత్ తీగల పెప్పర్‌డైన్‌లో ఆడి, 2020లో దేశంలోనే మేటి కాలేజీ ఆటగాడిగా హాస్కిన్స్ అవార్డు అందుకున్నాడు. 2023లో ఫోర్టినెట్ ఛాంపియన్‌షిప్‌తో పీజీఏ టూర్‌లో తొలి గెలుపు. అలాంటి ఆట చేతిలో ఉన్నవాడికి టూర్ తప్ప వేరే మాట చెప్పకూడదు.

మావాడి ఆట మంచిదే, ఆ స్థాయిది కాదు. ఇంకో తేడా కూడా ఉంది. టూర్‌లో రౌండు మధ్యలో సలహా అడగాలంటే బ్యాగు మోసే క్యాడీ ఒక్కడే దిక్కు, ఆటగాడి కోచ్ ప్రేక్షకులతో పాటు తాడు బయట నిలబడాల్సిందే. కాలేజీ గోల్ఫ్‌లో కోచ్ నేరుగా ఆటగాడి పక్కకెళ్లి "గాలి ఎదురుంది, ఒక క్లబ్ పెద్దది తీసుకో" అని, అంటే ఇంకాస్త దూరం కొట్టే కర్ర తీసుకోమని, చెప్పొచ్చు. పక్కవాడి షాట్‌కి తన గుండె కొట్టుకునే మనిషికి అది చాలా పెద్ద సుఖం.

అక్కకి చెప్పింది ఇదే: "కోచింగ్‌కే ఓటు. చేతిలో డబ్బు కూడబెట్టుకుని రెండేళ్ల తర్వాత టూర్ సరదా తీర్చుకుంటానంటే అప్పుడు చూద్దాం."

డబ్బు లెక్క ఒక్కటే చూసి చెప్పలేదు. మొన్న ఏప్రిల్‌లో వాడి ఆఖరి టోర్నమెంటుకి వెళ్లాను. ఒకేరోజు 36 హోల్స్, పైగా వాన. ఆఖరి గ్రీన్ మీద మూడు పట్‌లు కొట్టి, స్కోరు కార్డు మీద సంతకం పెట్టి వచ్చాడు. ముఖం వాడిపోయి ఉంది. "మామయ్యా, బ్యాగు పట్టుకో" అని నా చేతిలో పెట్టి, తడి బూట్లతోనే పదిహేడో హోల్ వైపు పరుగెత్తాడు. అక్కడ వాళ్ల జట్టు మొదటి ఏడాది కుర్రాడొకడి బంతి ఇసుకలో ఇరుక్కుని ఉందట.