తోటలో కలప ఎంతుందో తేల్చడానికి ఏది మేలు: డ్రోన్ ఫోటోలా, లైడారా?

జామాయిల్ తోట బేరానికి వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఇదే అడుగుతున్నారు, పైనుంచి ఫోటోలు తీయిస్తే చాలా, లేక ఖర్చు ఎక్కువైనా లైడార్‌కే (పైనుంచి లేజర్ కిరణాలు వదిలి దూరాలు కొలిచే పరికరం) వెళ్లాలా అని. ఈ మధ్య మా ఐదెకరాల తోటకి నాకూ అదే ప్రశ్న వచ్చింది.

ఎత్తు వరకే చూస్తే లైడార్‌దే పైచేయి. ఆకు దట్టంగా కమ్మిన చోట కెమెరాకి నేల కనిపించదు, నేల తెలియకపోతే చెట్టు ఎత్తు తేలదు. లేజర్ మాత్రం సందుల్లోంచి కిందికి దిగుతుంది. పైగా గాలికి కొమ్మలు ఊగితే పక్కపక్క ఫోటోలు సరిగ్గా కలవవు, జామాయిల్, సరుగుడు లాంటి వాటి సన్నటి కొసలు జారిపోయి ఎత్తు తక్కువగా వస్తుంది. కొండవాలు మీద దట్టమైన అడవి అయితే నేనూ లైడారే తీసుకోమంటాను. చదునైన చేలో గట్లు, బాటలు, వరుసల సందులు కనిపిస్తూనే ఉంటాయి కాబట్టి, గాలి లేని పూట తీసిన ఫోటోలతో పని జరిగిపోతుంది.

అసలు చిక్కు లావు దగ్గర ఉంది. ఎత్తు 10 శాతం ఎక్కువ పడితే కలప లెక్క 10 శాతమే పెరుగుతుంది, చుట్టుకొలతని లెక్కలో దాంతోనే గుణిస్తారు కాబట్టి అది 10 శాతం ఎక్కువ పడితే 21 శాతం పెరుగుతుంది. ఫోటోలో కనిపించేది పైనున్న కొమ్మల గొడుగే, దాని వెడల్పు నుంచి బోదె లావు ఊహించాల్సిందే. ఆకు కింద బోదె చుట్టుకొలత లైడార్‌కీ నమ్మకంగా దొరకదు. ఒకసారి నరికిన తోటైతే ఇంకా కష్టం, ఒకే మోడు నుంచి రెండు మూడు పిలకలు లేచినా పైకి ఒకటే గొడుగు. మాది రెండో కోత తోట, ఫోటోలో ఒక్క చెట్టు అనుకున్నవి కిందికెళ్లి చూస్తే చాలాచోట్ల రెండేసి బోదెలు.

అందుకే నేను ఫోటోలే తీయించి, మిగిలిన డబ్బు టేపు పట్టే మనుషులకి పెట్టాను. పది చోట్ల 10 మీటర్ల చదరం గీసి, అందులోని ప్రతి బోదెనీ నాలుగున్నర అడుగుల ఎత్తులో కొలిపించాను. గట్టు పక్కవే కొలవకండి, ఎండ ఎక్కువ తగిలి అవి లావెక్కుతాయి, తోట నడిమధ్యకి కూడా వెళ్లాలి. మన దేశంలో 1965లో మొదలైన అటవీ వనరుల సర్వేలో విమానం ఫోటోలు వాడినప్పుడు కూడా నేల మీద కొలతలు మానలేదు.

ఉపగ్రహ చిత్రాలు జిల్లా మొత్తం అడవికి సరే, ఐదెకరాలకి వద్దు. ఎకరం లోపు తోటకి డ్రోనే అక్కర్లేదు, అన్ని చెట్లూ కొలిచేయొచ్చు.

ఏది ఎంచుకున్నా, చుట్టుకొలతలు ఎక్కడివని డ్రోన్ వాళ్లని ముందే అడగండి. వేరే తోటలో కొలిచిన లావుల పట్టిక వాడతామంటే ఆ టన్నుల లెక్క పట్టుకుని బేరానికి కూర్చోకండి.