స్పిన్నింగ్ రీలా, బేట్‌కాస్టింగ్ రీలా: కొత్తవారికి ఏది మేలు?

రీలు అంటే గాలపు కడ్డీకి బిగించి, దారాన్ని వదలడానికీ తిరిగి చుట్టడానికీ వాడే సాధనం. కొత్తగా గాలం వేయడం నేర్చుకునేవారు స్పిన్నింగ్ రీలు తేలిక, బేట్‌కాస్టింగ్ రీలు కష్టం అన్న మాట విని ఎంపిక అక్కడితో ముగిస్తారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. అయితే ముందుగా చూసుకోవలసింది విసరబోయే ఎర బరువు అని నా అభిప్రాయం.

తేడా అంతా దారం చుట్టిన కండె దగ్గరే ఉంది. స్పిన్నింగ్ రీలులో ఎరను విసిరినప్పుడు కండె కదలదు. దారం దాని అంచు మీదుగా చుట్టలు విడిపోతూ జారిపోతుంది. అందువల్ల 3, 4 గ్రాముల ఎర కూడా చక్కగా దూరం వెళ్తుంది. బేట్‌కాస్టింగ్ రీలులో మాత్రం ఎగిరే ఎరే కండెను తిప్పాలి. అంత చిన్న ఎరకు మామూలు బేట్‌కాస్టింగ్ కండెను తిప్పే బలం చాలదు; 10 నుంచి 15 గ్రాముల ఎర అయితే నేర్చుకునే చేతికి బాగా సహకరిస్తుంది.

కష్టం కూడా ఆ తిరగడంలోనే ఉంది. గాలి నిరోధం వల్ల ఎర వేగం తగ్గుతున్నా కండె తన ఊపులో తాను తిరుగుతూనే ఉంటుంది కనుక, బయటికి పోలేని దారం చుట్టలు కండె మీదే వదులై పైకి లేస్తాయి. ఆ ఉబ్బు కండె మీద ఉంచిన బొటనవేలి కొసకు మెత్తగా తగులుతుంది. ఆ క్షణంలో వేలిని తేలికగా ఆనిస్తే దారం సర్దుకుంటుంది. ఆలస్యమైతే చిక్కుపడి ముద్ద అవుతుంది. ఎర నీటిని తాకే వేళకు కండెను వేలితో పూర్తిగా ఆపడం మరిచిపోయినా ఇదే జరుగుతుంది. ఎదురుగాలిలో ఈ ప్రమాదం మరీ ఎక్కువ.

దీనికి మందు రీలులోనే ఉంది. పక్కనున్న బిగింపు మరను తిప్పుతూ, కండెను వదిలే బొత్తాం నొక్కితే ఎర నెమ్మదిగా దిగేలా, నేలను తాకగానే కండె ఆగేలా సరిచూసుకోవాలి. కండె వేగాన్ని అదుపు చేసే అయస్కాంత బ్రేకు ఉంటే మొదట దాదాపు పూర్తిగా బిగించి, చేయి కుదిరేకొద్దీ కాస్త కాస్త వదులు చేయాలి. దూరం తగ్గినా విచారించనక్కరలేదు. అల్లిన దారం వదులుగా ఉంటే కింది చుట్టల్లోకి దిగబడుతుంది కాబట్టి ఆరంభంలో నైలాన్ దారమే మంచిది. గాలపు ముల్లు లేని బరువు కట్టి, ఖాళీ మైదానంలో సాధన చేయడం అన్నిటికన్నా మేలు.

ఇంత శ్రమకు ఫలం ఉందా అంటే, తప్పకుండా ఉంది. బొటనవేలితో ఎరను గాలిలోనే నెమ్మదింపజేసి, నీటి కలుపు మొక్కల పక్కన అనుకున్న చోట దింపగలగడం స్పిన్నింగ్ రీలుతో అంత సులభంగా రాదు. మందపు దారంతో, బరువైన ఎరతో, పెద్ద చేపను చెత్త మధ్యనుంచి లాగడానికీ బేట్‌కాస్టింగ్ రీలే దిట్ట.

కాబట్టి చిన్న ఎరలతో చిన్న చేపలకు వెళ్లేవారు స్పిన్నింగ్ రీలునే తీసుకోవాలి. అందులో లోటేమీ లేదు. బరువైన ఎరలే వాడదలచినవారు మాత్రం మొదటి కొన్ని రోజుల చిక్కులకు భయపడి వెనక్కి తగ్గవద్దని గట్టిగా చెబుతాను. అయితే కడ్డీని కూడా రీలుకు తగినట్లే కొనాలి: స్పిన్నింగ్ రీలు కడ్డీ కింద వేలాడుతుంది, బేట్‌కాస్టింగ్ రీలు పైన కూర్చుంటుంది, దారం వెళ్లే వలయాల అమరిక కూడా రెండింటికీ వేరు.