గ్లోవ్స్ విప్పాక ఏది మేలు: గోల్‌కీపింగ్ కోచా, హెడ్ కోచా?

ఫుట్‌బాల్‌లో గోల్‌కీపర్లు మిగతా ఆటగాళ్లకంటే నాలుగైదేళ్లు ఎక్కువే ఆడతారు. అంటే కోచింగ్ మొదలుపెట్టేసరికి, తోటి మిడ్‌ఫీల్డర్ అప్పటికే ఏదో జూనియర్ జట్టు నడుపుతూ ఉంటాడు. అందుకే ఏ దారిలో వెళ్లాలో ఆట మానకముందే తేల్చుకోవడం మంచిది. మా అభిప్రాయం ముందే చెబుతున్నాం. కీపర్లను తయారుచేయడమే ప్రాణమనుకునేవాడు జీవితాంతం గోల్‌కీపింగ్ కోచ్‌గా ఉండొచ్చు, అది చిన్న పనేమీ కాదు. జట్టు మొత్తాన్ని నడపాలని ఉన్నవాడు మాత్రం ఆ పనిలో రెండు మూడు సీజన్లకు మించి ఉండకూడదు.

రెండు దారుల్లోనూ పెద్దవాళ్లు ఉన్నారు. 1982లో 40 ఏళ్ల వయసులో కెప్టెన్‌గా ఇటలీకి ప్రపంచకప్ తెచ్చిన గోల్‌కీపర్ డీనో జోఫ్, మరుసటి ఏడాది ఆట మానేశాడు. ముందు ఇటలీ ఒలింపిక్ జట్టును చూసుకుని, 1988లో ఇటలీ క్లబ్ యువెంటస్‌కు హెడ్ కోచ్ అయ్యాడు. 1990లో ఆ జట్టు యూఈఎఫ్ఏ కప్, ఇటాలియన్ కప్ రెండూ గెలిచింది. 1994లో బ్రెజిల్‌తో ప్రపంచకప్ గెలిచిన గోల్‌కీపర్ తఫారెల్ మాత్రం కీపర్ల కోచ్‌గానే స్థిరపడ్డాడు. 2021లో ఇంగ్లండ్ క్లబ్ లివర్‌పూల్‌లో చేరి, బ్రెజిల్ కీపర్ అలిసన్ బెకర్‌తో అటు దేశం జట్టులోనూ ఇటు క్లబ్‌లోనూ పనిచేశాడు.

గోల్‌కీపింగ్ కోచ్ పని

చేతికింద ఉండేది ముగ్గురు నలుగురు. జట్టు వార్మప్, పాసింగ్ చేసుకుంటున్నంతసేపు, అంటే 25–30 నిమిషాలు, కీపర్లు అతని దగ్గర ఉంటారు. తర్వాత జట్టుతో కలిసిపోతారు. ఆ అరగంటలో కొత్త కోచ్‌లు తరచూ చేసే తప్పు ఒకటుంది: ఆగకుండా పది పన్నెండు బంతులు కొట్టడం. నాలుగో బంతికే కీపర్ కాళ్లు కుదురుకోవడం మానేస్తాయి. పడ్డచోటి నుంచి లేస్తూ ఏదో ఒకలా చెయ్యి అడ్డం పెడతాడు. చూసేవాళ్లకు బాగా కష్టపడుతున్నట్టే కనిపిస్తుంది కానీ, షాట్ పడే క్షణానికి రెండు పాదాలూ నేలమీద ఆనించి, బరువు కాస్త ముందుకు ఉంచి నిలబడే అలవాటు అక్కడే చెడుతుంది. విడతకు నాలుగైదు షాట్లు, మధ్యలో నిమిషానికి పైగా విశ్రాంతి, ప్రతి షాట్‌కు ముందు కీపర్ నిజంగా నిలదొక్కుకున్నాడో లేదో చూడటం, ఇది పద్ధతి. డైవ్‌లు ఎక్కువగా ఉండే సాధనను మ్యాచ్‌కు మూడు రోజుల ముందే ముగించాలి. ముందురోజు క్రాస్‌లు పట్టడం, కాలితో పాస్‌లు ఇవ్వడం చాలు. తుంటి, భుజం కమిలిన కీపర్ మ్యాచ్‌లో ఆ వైపు పడటానికి జంకుతాడు.

బంతులు కొట్టేది కోచే. 18 గజాల నుంచి అనుకున్న మూలకు అనుకున్న వేగంతో కొట్టలేకపోతే కీపర్ సాధన వృథా. 38 ఏళ్ల కోచ్‌కు గజ్జల కండరం పట్టేయడం ఈ ఉద్యోగంలో మామూలు విషయం. ఎడమకాలితో కూడా కొట్టడం నేర్చుకోవాలి, లేకపోతే కీపర్లు ఒకే రకం తిరుగుడుకు అలవాటు పడతారు.

ఈ పని పరిధి ఇప్పుడు పెరిగింది. 1992లో బ్యాక్‌పాస్‌ను, అంటే సొంత ఆటగాడు కావాలని కాలితో వెనక్కి ఇచ్చిన బంతిని, కీపర్ చేత్తో పట్టకూడదన్న నియమం వచ్చింది. 2019 నుంచి గోల్‌కిక్ బంతి పెనాల్టీ ఏరియా దాటనక్కర్లేదు. 2025 నుంచి బంతిని చేతిలో 8 సెకన్లకు మించి ఉంచుకుంటే ప్రత్యర్థికి కార్నర్ ఇస్తున్నారు. ఆట వెనకనుంచి ఎలా మొదలవ్వాలన్న చర్చలో గోల్‌కీపింగ్ కోచ్ కూర్చోవాల్సిందే.

అయితే పేరు మాత్రం అతనికి రాదు. 2014 ప్రపంచకప్ క్వార్టర్‌ఫైనల్‌లో కోస్టారికాపై అదనపు సమయం చివర్లో నెదర్లాండ్స్, పెనాల్టీ షూటౌట్ కోసమే, కీపర్ సిలెసెన్‌ను బయటికి పిలిచి మరో కీపర్ టిమ్ క్రూల్‌ను తెచ్చింది. క్రూల్ రెండు పెనాల్టీలు ఆపాడు, షూటౌట్ 4–3. ఆ జట్టు కీపర్ల కోచ్ ఫ్రాన్స్ హుక్ అని ఎంతమందికి తెలుసు? అందరికీ గుర్తున్నది హెడ్ కోచ్ వాన్ గాల్ సాహసమే. మార్పు పనిచేయకపోయి ఉంటే తిట్లు కూడా వాన్ గాల్‌కే పడేవి. బాధ్యత తక్కువ, నిద్ర ఎక్కువ: కొందరికి ఇదే సరైన ఉద్యోగం.

హెడ్ కోచ్ అయితే

కీపర్‌కు అనుకూలించేవి రెండు. మైదానమంతా తొంభై నిమిషాలూ కళ్లముందే ఉంటుంది. డిఫెండర్లను నిలబెట్టడం, కార్నర్‌కు ఎవరు ఎవర్ని పట్టుకోవాలో చెప్పడం ఇరవై ఏళ్లుగా అలవాటైన పని. గోల్‌కీపర్లకు ఆట తెలియదన్న మాటను ఫలితాలే కొట్టేశాయి. 1993లో ఫ్రాన్స్ క్లబ్ మార్సెయ్‌కు ఛాంపియన్స్ లీగ్ తెచ్చిన రేమండ్ గోతాల్స్ ఒకప్పటి గోల్‌కీపర్. 1994 ప్రపంచకప్ ఉత్తమ గోల్‌కీపర్ మిషెల్ ప్రూడోమ్ 2008లో స్టాండర్డ్ లీజ్ క్లబ్‌కు 25 ఏళ్ల తర్వాత బెల్జియం టైటిల్ గెలిపించాడు.

లోటు వేరే చోట ఉంది. మైదానం మధ్యలో ప్రత్యర్థి వెనకే అంటిపెట్టుకుని ఉండగా బంతి అందుకుని తిరగడం కీపర్ తన కెరీర్‌లో ఎన్నడూ చేయలేదు. చివరి 30 గజాల్లో ఖాళీ ఎలా పుడుతుందో దూరంనుంచి చూశాడు గానీ, కాలితో అనుభవించలేదు. అందుకే దాడి సాధన రూపొందించడంలో తడబడతాడు, తెలిసిన రక్షణవైపే జట్టును లాగుతాడు. పోర్చుగల్‌కు చెందిన మాజీ కీపర్ నూనో ఎస్పిరితో సాంతో విషయం చూడండి. ఇంగ్లండ్ క్లబ్ వోల్వ్స్‌ను 2018లో అక్కడి అగ్రశ్రేణి ప్రీమియర్ లీగ్‌కు తెచ్చి వరుసగా రెండు సీజన్లు ఏడో స్థానంలో నిలిపాడు. వెనక గట్టిగా నిలబడి మెరుపు వేగంతో ఎదురుదాడి చేసే ఆటకు అక్కడి ఆటగాళ్లు సరిపోయారు. 2021లో టోటెన్‌హామ్‌లో మొదటి మూడు లీగ్ మ్యాచ్‌లూ 1–0తో గెలిచాడు కానీ, బంతిని తమ దగ్గరే ఉంచుకుని గోల్స్ కొట్టాలని కోరుకునే క్లబ్ అది. పది లీగ్ మ్యాచ్‌లకే పంపేశారు. హెడ్ కోచ్ కాబోయే కీపర్ మొదట వెతుక్కోవాల్సింది మిడ్‌ఫీల్డ్‌లోనో ముందు వరసలోనో ఆడిన సహాయకుణ్ని. తన పాత స్నేహితుడైన మరో కీపర్‌ను కాదు.

రెండూ కలిపిన దారి

నూనో మొదలుపెట్టిన తీరే మాకు నచ్చింది. 2010లో ఆట మానేసి మాలగాలో, తర్వాత పనథినైకోస్‌లో కీపర్ల కోచ్‌గా చేశాడు. 2012లో పోర్చుగల్ క్లబ్ రియో ఆవేకు హెడ్ కోచ్ అయ్యాడు. రెండో సీజన్‌లో ఆ చిన్న క్లబ్ పోర్చుగల్ కప్ ఫైనల్, లీగ్ కప్ ఫైనల్ రెండూ ఆడింది. మరో మాజీ కీపర్ హులెన్ లోపెతెగి స్పెయిన్ కుర్ర జట్లతో పైకొచ్చాడు: 2012లో అండర్–19 యూరో, 2013లో అండర్–21 యూరో, 2020లో సెవియాతో యూరోపా లీగ్.

ఆ రెండు మూడేళ్లలో ఏం చేయాలన్నదే ముఖ్యం. కీపర్లతో పక్కన ఉండిపోతే అసలు సాధన ఎలా జరుగుతుందో చూడటమే కుదరదు. కార్నర్లు, ఫ్రీకిక్‌ల రక్షణ నేను చూసుకుంటానని హెడ్ కోచ్‌ను అడగండి. ఆ పని ఇస్తే వారానికి కనీసం ఒకరోజు మొత్తం జట్టు ముందు నిలబడి మాట్లాడాల్సి వస్తుంది. వారాంతంలో అండర్–15 జట్టు ఏదైనా పూర్తిగా మీ చేతికి తీసుకోండి. 4–2 రోండోలో (చుట్టూ ఉన్న నలుగురు, మధ్యలోని ఇద్దరికి చిక్కకుండా బంతిని పాస్ చేసుకునే సాధన), 7–7 ఆటలో మామూలు ఆటగాడిగా దిగండి, గోల్‌లో మాత్రం నిలబడకండి.

లైసెన్స్‌లు కూడా పక్కపక్కనే నడవాలి. గోల్‌కీపింగ్ కోర్సులు వేరు, భారత్‌లో డి, సి, బి, ఏ మీదుగా ఏఎఫ్‌సీ (ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య) ప్రో వరకు వెళ్లే మెట్లు వేరు. కీపర్ల సర్టిఫికెట్ ఎంత పైస్థాయిదైనా హెడ్ కోచ్ లైసెన్స్ స్థానంలో చెల్లదు. ఒక మెట్టుకూ మరో మెట్టుకూ మధ్య కోచింగ్ అనుభవం చూపించాలి కాబట్టి, ఆలస్యంగా మొదలుపెడితే 45 ఏళ్లకు గానీ పైకి చేరరు.

1956, 1960 ఒలింపిక్స్ జట్లలో ఉండి, 1962 ఆసియా క్రీడల స్వర్ణం గెలిచిన పీటర్ తంగరాజ్ పుట్టింది హైదరాబాద్‌లో. అలాంటి కీపర్‌ను చూసిన నేలమీద కూడా జిల్లా స్థాయిలో గోల్‌కీపింగ్ కోచ్‌కు పూర్తి జీతపు ఉద్యోగం దొరకడం కష్టం. ఇక్కడ మొదలుపెట్టేవాడికి మా సలహా వేరు: ఒక వయసు జట్టుకు హెడ్ కోచ్‌గా చేరి, వారంలో రెండు సాయంత్రాలు అకాడమీలోని కీపర్లందరినీ కలిపి చూసుకోవాలి. ఇల్లు గడవడానికీ, రెండు దారులూ తెరిచి ఉంచుకోవడానికీ ఇదొక్కటే పనికొస్తుంది.

పెద్ద క్లబ్‌లో గోల్‌కీపింగ్ కోచ్‌గా చేరేవాళ్లు సంతకానికి ముందు ఒకటి అడగాలి: ఒప్పందం క్లబ్‌తోనా, హెడ్ కోచ్ బృందంలో భాగంగానా? 2016లో ఇటలీ మాజీ గోల్‌కీపర్ వాల్టర్ జెంగాను వోల్వ్స్ 14 మ్యాచ్‌లకే పంపేసింది. అలా హెడ్ కోచ్ వెళ్లిపోయిన రోజున బృందం పేరుమీద వచ్చినవాళ్లూ సంచి సర్దుకోవాలి. క్లబ్‌తో నేరుగా రాసుకున్నవాడు ఉండిపోతాడు. జీతం కాస్త తక్కువైనా క్లబ్ ఒప్పందమే అడగండి.