రేవులో కట్టిన పడవకు కాపలా: బెదరగొట్టడం మేలా, చోటివ్వకపోవడం మేలా?

వారం రోజులు కదలకుండా రేవులో ఉన్న పడవ మనకు పడవే గాని, నీటికాకికి అది నలువైపులా నీళ్లున్న బండ. కింద చేపలుంటాయి, పైన భయం ఉండదు. మునిగి వేటాడినప్పుడు దాని ఈకలు బాగా తడుస్తాయి కనుక, రెక్కలు చాచి ఆరబెట్టుకోవడానికి ఎత్తైన చోటొకటి దానికి తప్పనిసరి. అది తెరచాప కొయ్య కొన అయినా సరే, పడవ అంచున ఉన్న కమ్మీ అయినా సరే. గల్ పక్షులకు, కొంగలకు, కాకులకు వాటి కారణాలు వాటికున్నాయి. వీటిని దూరంగా ఉంచడానికి అమ్మే సాధనాలు ఎన్ని ఉన్నా, పనితీరును బట్టి చూస్తే రెండే తెగలు. ఒకటి బెదరగొట్టేది, రెండవది వాలడానికీ ఎక్కడానికీ చోటు లేకుండా చేసేది. నేను రెండవదాని పక్షం, కాని దానిలోని లొసుగులను కూడా దాచను.

రెట్టను కడిగితే పోయే మురికిగా చూడటం వల్లనే చాలామంది ఆలస్యం చేస్తారు. అందులోని తెల్లటి భాగం యూరిక్ ఆమ్లం. అది నీటిలో సులభంగా కరగదు. ఎండలో రోజుల తరబడి ఉంటే ఫైబర్ పడవ పైపూత మీద కడిగినా పోని మచ్చ పడుతుంది, అల్యూమినియం భాగాలు తినుకుపోతాయి, కాన్వాసు రంగు మారుతుంది. ఎండిన రెట్టను గీకితే లేచే దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు, పక్షుల నుంచి మనుషులకు సోకే జ్వరాలు కొన్ని ఆ దుమ్ముతోనే వస్తాయి. అందువల్ల ముందు తడిపి, నానబెట్టి, తర్వాత తడిగుడ్డతో తీయాలి.

ఇక బెదరగొట్టే సాధనాలలో అందరూ మొదట కొనేది ప్లాస్టిక్ గుడ్లగూబ. ఇది మన చేలలోని దిష్టిబొమ్మకు తోబుట్టువు, దాని గతే దీనికీ పడుతుంది. మొదటి రోజు పక్షులు దూరంగా తిరుగుతాయి, రెండవ రోజు పక్క పడవ మీద కూర్చుని పరీక్షగా చూస్తాయి, ఆ తర్వాత అది కదలదని తెలుసుకుంటాయి. నేను కట్టిన గుడ్లగూబ నెత్తి మీది నుంచి ముక్కు దాకా నాలుగో రోజుకల్లా తెల్లటి చార దిగింది. చుట్టుపక్కల అన్నింటికంటే ఎత్తైన పీటను పక్షులకు నేనే అమర్చిపెట్టినట్టయింది. రోజూ చోటు మార్చే ఓపిక ఉన్నవారికి ఇది కొన్నాళ్లు పనికొస్తుంది, కాని రోజూ రేవుకు వచ్చే మనిషికి అసలు బొమ్మతో పనేముంది?

మెరిసే రిబ్బన్లు, పాత సీడీలు బొమ్మ కంటే కొంత నయం, ఎందుకంటే అవి కదులుతాయి. అయితే వాటికి గాలీ కావాలి, ఎండా కావాలి. మబ్బు పట్టి గాలి ఆడని రోజున వాటి వల్ల ప్రయోజనం లేదు. అల్ట్రాసోనిక్ పరికరాల విషయంలో మాత్రం నాకు సందేహమే లేదు, పక్షుల కోసం వాటిని కొనకూడదు. మనిషి చెవికి అందని 20 కిలోహెర్ట్జ్‌లకు పైబడిన ధ్వనితో అవి పనిచేస్తాయని చెబుతారు, కాని చాలా పక్షులకు 10 కిలోహెర్ట్జ్‌లు దాటితే వినబడదు. మనకే వినబడని దానిని, మనకంటే తక్కువ వినేవాటి మీద ప్రయోగించడం అన్నమాట. కదలికను పసిగట్టి నీళ్లు చిమ్మే యంత్రం బెదరగొట్టే వాటన్నింటిలో మెరుగైనది, ఎందుకంటే దాని బెదిరింపు ఉత్తది కాదు, తడి నిజంగానే తగులుతుంది. దానికి నీటి గొట్టం, బ్యాటరీ చూసుకోవాలి, రేవులో నడిచే పొరుగువారు కూడా తడుస్తారు.

రెండవ తెగలో అతి చౌకైనది గాలపు నైలాన్ దారం. కమ్మీకి బెత్తెడు నుంచి జానెడు ఎత్తులో దానిని బిగుతుగా లాగి కడితే, వాలబోయే గల్ రొమ్ముకు అది తగులుతుంది. రెక్కలు చాచితే మీటరు దాటే ఆ పక్షికి వాలేటప్పుడు అడుగూ రెక్కా రెండూ కుదరాలి, తగిలినది ఏమిటో కనబడదు కనుక మళ్లీ ప్రయత్నించడానికి జంకుతుంది. దారం వదులైతే మాత్రం మేలుకు బదులు కీడు జరుగుతుంది, పక్షి కాలు చిక్కుకుంటుంది. పావురం వంటి చిన్న పక్షులు దాని కిందనుంచి దూరతాయి, వాటికి రెండో వరస కట్టాలి. పైకప్పు వంటి వెడల్పైన చోట, నడుమ ఒక ఇరుసు, దాని నుంచి నలువైపులా పొడవైన సన్నని స్టీలు తీగలు, గాలికి మెల్లగా తిరిగే సాధనం దీని కంటే బాగుంటుంది. ఇది చూపుకు బెదిరింపులా కనిపించినా, నిజానికి చేసేది చోటును ఊడ్చడమే, కాబట్టి పక్షులు దానికి అలవాటు పడినా వాలలేవు.

ముళ్లపట్టీలను కొయ్య కొన మీద, మనిషి చేయి తగలని చోట్ల మాత్రమే పెట్టాలి. కమ్మీ మీద పెడితే తూలి పట్టుకున్నవారి అరచేతికే అవి గుచ్చుకుంటాయి. వాటిని పక్షులు ఎంత ఖాతరు చేస్తాయో 2023లో తెలిసింది: ఆంట్వెర్ప్, రోటర్‌డామ్ నగరాలలో మాగ్‌పై, కాకి జాతి పక్షులు పక్షుల్ని తరిమే ముళ్లపట్టీలనే పీకి తెచ్చి గూళ్లు కట్టుకున్నాయి. జిగురు పూతల జోలికి పోవద్దు. చిన్న పక్షుల ఈకలు అతుక్కుని అవి చస్తాయి, ఎండకు కరిగి మన పడవే పాడవుతుంది.

పూర్తి కప్పు, అంటే పడవ అంతటినీ మూసే కాన్వాసు, అన్నింటికంటే ఖరీదైనది, చిన్న పడవలకు అన్నింటికంటే నమ్మకమైనది కూడా. పక్షి దాని మీద వాలవచ్చు గాని, రెట్ట పడేది ఉతకగల గుడ్డ మీద. నడుమ ఎత్తుగా, పక్కలకు వాలుగా, బిగుతుగా కడితేనే అది కప్పు. లేకుంటే నీళ్లు నిలిచే గుంట. గాలి ఆడకపోతే లోపల బూజు పడుతుంది, గాలి కోసం వదిలిన సందు పెద్దదైతే ఎలుకకు, పిచ్చుకకు చీకటి గది దొరుకుతుంది. ఆ సందులకు సన్నని ఇనుప జాలీ బిగించక తప్పదు.

ఎలుకల దగ్గర ఈ వాదమంతా ముగిసినట్టే, వాటి విషయంలో అడ్డుకోవడం తప్ప దారి లేదు. అవి మోకుల మీదుగా, నడక పలక మీదుగా వస్తాయి, దగ్గరైతే ఒడ్డు నుంచే దూకుతాయి. 2 సెంటీమీటర్ల కంత చాలు, వయర్లు కొరికి పెడతాయి, వాటి మూత్రం నుంచి ఎలుక జ్వరం వస్తుంది. పెద్ద ఓడలు మోకులకు దాదాపు 90 సెంటీమీటర్ల వ్యాసమున్న లోహపు రేకు పళ్లేలు తొడిగేది ఇందుకే. చిన్న పడవకు అంత పెద్దది కుదరదు కనుక, ఉన్నంతలో పెద్దది తొడిగి, మోకును ఒడ్డుకు ఆనకుండా లాగి, పలకను రాత్రి తీసేయాలి. ఎర ముక్కలు, చేప పొట్టలు పడవలో మిగలకూడదు.

నీటికుక్కలు, సీళ్లు, సముద్ర సింహాలు ఉన్న చోట ఎక్కేది వెనుకవైపు నీటిమట్టానికి దగ్గరగా ఉన్న ఈతపలక మీద నుంచే. దానిని మడవగలిగితే మడవండి, లేకుంటే అంచున గట్టి అడ్డుకమ్మీ కట్టండి. శాన్‌ఫ్రాన్సిస్కోలోని పియర్ 39 అనే రేవు వద్దకు 1989 చివర్లో సముద్ర సింహాలు రావడం మొదలై, చివరికి పడవలనే అక్కడి నుంచి మార్చవలసి వచ్చింది. ఒక్కో మగది 300 కిలోలు దాటగలదు కనుక, అవి చిన్న పడవను ముంచగలవన్న మాటలో అతిశయోక్తి లేదు. ఇలాంటి జంతువులను గాయపరచడం చాలా చోట్ల చట్టరీత్యా నేరం, కర్రతో పొడవడం మన క్షేమానికీ మంచిది కాదు.

కొయ్య అడ్డుదూలం కొనల్లోనో, మడిచిన తెరచాపలోనో గుడ్లున్న గూడు కనబడితే, పిల్లలు ఎగిరిపోయే దాకా ఆ పడవను కదపకండి. అవి ఎగిరిన రోజునే ఆ కంతకు జాలీ బిగించండి, వచ్చే ఏడు వాటి కంటే ముందు మీరు వెళ్లి చూడండి.