ములుగు రోడ్డు అడితిలో బుడిపె కట్టె: కత్తి పిడికి ఏది కొనాలి, ఎలా ఆరబెట్టాలి

కత్తులు చేసుకునేవాళ్లకు ఉక్కు ఎక్కడినుంచైనా పార్సిల్లో వస్తుంది గానీ, పిడికి తగిన బుడిపె కట్టెను మాత్రం చేత్తో పట్టుకుని, తిప్పి, కాస్త తడిపి చూసి కొనాలన్నది నా గట్టి అభిప్రాయం. వరంగల్‌లో అలా చూసి కొనడానికి వీలున్న చోటు ములుగు రోడ్డు వైపున్న ఒక పాత కలప అడితి. తలుపులకు, దర్వాజాలకు టేకు, వేప కోసి ఇవ్వడం వాళ్ల అసలు వ్యాపారం. అయితే మొదళ్ల దగ్గర, కొమ్మలు చీలే చోట ఉబ్బి ఉన్న బుడిపెలను వంటచెరకులో కలపకుండా షెడ్డు వెనక విడిగా పేర్చి పెడుతున్నారు. కొంతకాలంగా నేను పిడి కట్టె అక్కడే కొంటున్నాను కాబట్టి, అక్కడ బాగున్నదేమిటో, కొనేవాళ్లు దేని విషయంలో జాగ్రత్తపడాలో వివరంగా రాస్తున్నాను.

చెట్టుకు దెబ్బ తగిలినప్పుడో, పురుగూ బూజూ పట్టినప్పుడో, బెరడు కింద నిద్రాణంగా ఉన్న మొగ్గలు కొమ్మలుగా ఎదగలేక ఒకే చోట గుంపుగా పెరిగి బుడిపెగా మారతాయి. అందుకే దానిలో నార నిలువుగా సాగదు. అన్ని దిక్కులకూ మెలితిరిగి ఉంటుంది. నిలువు నార లేకపోవడం వల్ల పొడవాటి దూలానికి అది పనికిరాదు గానీ, రెండు వైపులా ఉక్కుకు అతికి, రివిట్లతో బిగిసి ఉండే పిడికి అదే మేలు చేస్తుంది, ఎందుకంటే మామూలు కట్టె నార వెంట చీలినట్టుగా అది చీలదు. దాని అందం గురించి వేరే చెప్పనక్కర్లేదు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఉక్కు కోసం ఒకప్పుడు పారశీక వర్తకులు అంత దూరం నుంచి వచ్చేవారు. అలాంటి ప్రాంతంలో చేసే కత్తికి ఈ నేల మీద పెరిగిన చెట్టు కట్టెతోనే పిడి ఉండాలని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటాను.

అడితిలో ఎక్కువగా దొరికేవి వేప, చింత, తుమ్మ. వేప బుడిపె ఎర్రటి గోధుమ రంగులో ఉంటుంది, పురుగు తొందరగా పట్టదు, ఆకురాయికి బాగా లొంగుతుంది. మొదటిసారి చేసేవాళ్లు దానితో మొదలుపెట్టడం మంచిది. చింతలో చేవ ముదురు ఊదా గోధుమ రంగులో చాలా గట్టిగా ఉంటుంది, చుట్టూ ఉన్న లేత భాగం మాత్రం పాలిపోయిన పసుపులో ఉండి పుచ్చిపోవడానికి సిద్ధంగా ఉంటుంది. వానలో కొంతకాలం పడి ఉన్న చింతలో బూజు వల్ల నల్లటి సన్నని గీతలు ఏర్పడతాయి. కొందరు వాటిని చూసి కట్టె పాడైందనుకుని పక్కన పెడతారు గానీ, గోరుతో నొక్కినప్పుడు మెత్తగా దిగకపోతే అది నిక్షేపంగా పనికొస్తుంది, పైగా పిడి మీద ఆ గీతలకు సాటి వచ్చే నగిషీ లేదు. తుమ్మ వేరు బుడిపె చాలా బరువు, కోత కష్టం, కానీ రెసిన్ (కట్టె లోపలికి ఎక్కించి గట్టిపరిచే జిగురు ద్రవం) పట్టించకుండానే ఏళ్ల తరబడి నిలుస్తుంది. జిట్రేగి (రోజ్‌వుడ్) కావాలని అడిగేవాళ్లు కొందరుంటారు. ఆ జాతి మొత్తం 2017 నుంచి అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ జాబితాలో ఉంది కాబట్టి, కాగితాలు లేనిది ఈ అడితి వాళ్లు అమ్మరు, అది నాకు నచ్చింది.

నేను ఈ చోటును మెచ్చుకోవడానికి ముఖ్య కారణం కోత. బుడిపెలో మొగ్గలన్నీ లోపలి నుంచి బయటికి ముళ్లలా పొడుచుకుని వస్తాయి. బెరడుకు సమాంతరంగా కోస్తే రంపం ఆ ముళ్లను అడ్డంగా తెంచుతుంది, అప్పుడు పలక మీద గుండ్రటి కళ్లు గుంపులుగా కనిపిస్తాయి. బెరడు నుంచి లోపలికి కోస్తే అవే ముళ్లు పొడవుగా చీలి, ఈకలు పరిచినట్టు చారలుగా వస్తాయి. రెండూ అందమైనవే, అయితే సన్నని పిడి మీద కళ్లే బాగా కనబడతాయి, వెడల్పైన వంటకత్తి పిడి మీద చారలు బాగుంటాయి. చాలా కోతమిల్లుల్లో బుడిపెను ఎటు నిలబడితే అటు కోసేస్తారు, ఒకసారి కోశాక ఇక సరిచేయడానికి ఏమీ ఉండదు. ఇక్కడ బ్యాండ్ సా దగ్గరుండే పెద్దాయన ముందు బెరడు తీయించి, పైన ఉన్న మొటిమలు ఎటు వాలి ఉన్నాయో చూసి, సుద్దతో గీత గీసి, కొనేవాళ్లకు చూపించి మరీ కోస్తారు. అందువల్ల సిద్ధంగా కోసి పెట్టిన ముక్కలు కాకుండా, బెరడుతో ఉన్న పూర్తి బుడిపె గుండునే కొని, దగ్గరుండి కోయించుకొమ్మని నా సలహా. ఒక్కో ముక్క 5 అంగుళాల పొడవు, ఒకటిన్నర అంగుళాల వెడల్పు, ఒక అంగుళం మందం ఉండేలా కోయిస్తే, ఆరేటప్పుడు కుంచించుకుపోయినా, దాన్ని నిలువునా రెండుగా చీల్చి రెండు వైపులకూ జత కలిసే పలకలు తీయవచ్చు.

అసలు ఫిర్యాదు ఆరిన కట్టె విషయంలోనే ఉంది. కోసి ఉంచిన వేప ముక్క గురించి అడిగితే, "ఎండిందే సార్, ఏడాది సంది గిక్కడ్నే ఉన్నది" అన్నారు. ఇంటికి తెచ్చి తూచితే 184 గ్రాములుంది. 105 డిగ్రీల వేడిలో బరువు తగ్గడం ఆగేదాకా ఉంచాక 160 గ్రాములకు దిగింది. అంటే ఎండిన బరువు మీద 15 శాతం తేమ ఉందన్నమాట. మన వేసవిని తట్టుకోవాల్సిన పిడికి 8 నుంచి 10 శాతం మించకూడదు. మించితే ఉక్కు మాత్రం అలాగే ఉండి కట్టె కుంచించుకుపోతుంది, రివిట్ల తలలు వేలికి తగులుతాయి, అరల్డైట్ జిగురు అంచు విడిపోతుంది. అడితి వాళ్లు అబద్ధం చెప్పారని నేను అనుకోవడం లేదు, దర్వాజాకు ఆ ఆరుదల చాలు. పిడికి చాలదు అంతే. గాలిలో ఆరే కట్టెకు అంగుళం మందానికి సుమారు ఒక ఏడాది పడుతుందన్న పాత లెక్కను అడ్డదిడ్డమైన బుడిపెకు యథాతథంగా వర్తింపజేయలేము.

ఆరబెట్టే పద్ధతి కష్టమైనది కాదు, ఓపిక కావాలి. పచ్చి కట్టెలో తేమ 30 శాతానికి దిగేదాకా కుంచించుకోవడం మొదలు కాదు, ఆ తర్వాతే పగుళ్లు వస్తాయి. మామూలు కట్టెకు రెండు చివర్లకు మైనం పూస్తే సరిపోతుంది గానీ, బుడిపెలో నార చివర్లు అన్ని వైపులా తెరుచుకుని ఉంటాయి కాబట్టి ఆరు ముఖాలకూ కరిగిన మైనం పూసి, ఎండ తగలని, గాలి ఆడే చోట కర్రల మీద ఎడంగా పేర్చాలి. నెలకోసారి తూచి బరువు రాసుకుంటే చాలు, రెండు మూడు నెలలు వరుసగా బరువు మారకపోతే అది ఇంటి గాలితో సమానమైనట్టు లెక్క. మేడ మీద ఎండలో పడేస్తే తొందరగా ఆరుతుందనుకోవడం పొరపాటు. ఏప్రిల్ ఎండకు వేప బుడిపె పగిలినంతగా మరేదీ పగలదు.

మెత్తటి ముక్కలకు, బూజు గీతలున్న చింతకు రెసిన్ పట్టించక తప్పదు. దానికి ముక్కలోని తేమ దాదాపు సున్నాకు రావాలి, లేకపోతే రెసిన్ లోపలికి పోదు, పోయినా గట్టిపడదు. రెసిన్‌లో ముంచి వాక్యూమ్ పంపుతో గాలి లాగినప్పుడు బుడగలు పూర్తిగా ఆగేదాకా ఆగాలి. ఆ తర్వాత పంపు ఆపి, లాగిన సమయానికి కనీసం రెండింతలు అలాగే మునిగి ఉండనివ్వాలి, ఎందుకంటే రెసిన్ లోపలికి వెళ్లేది ఎక్కువగా అప్పుడే. వేడికి గట్టిపడే రకమైతే అల్యూమినియం రేకులో చుట్టి 90 డిగ్రీల పైన వేడి చేయాలి. తుమ్మకు, చింత చేవకు ఇది అనవసరపు ఖర్చు, అవి రెసిన్‌ను పెద్దగా తాగవు. అడితి వాళ్లు ఈ పని చేయరు, చేయాలని నేను కోరడమూ లేదు.

గుండు ధర కిలోకు 200 రూపాయలు, కోత కూలి వేరు. వంటచెరకుతో పోలిస్తే ఎక్కువే అనిపించినా, సరిగ్గా గీసి కోసే చేతికి ఆ డబ్బు న్యాయమే. బిల్లు అడిగి తీసుకోండి. వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం ప్రకారం చెట్టు నరకడానికి అనుమతి అవసరం, ఎక్కడి చెట్టో చెప్పగలిగిన అడితి దగ్గరే కొనడం మంచిది. 2024 ఆగస్టు 31న తాడ్వాయి అడవిలో గాలికి వేల చెట్లు కూలినప్పటి నుంచి అక్కడి బుడిపెలంటూ కొందరు తెచ్చి చూపిస్తున్నారు. అభయారణ్యంలో కూలిన చెట్టైనా ఎవరూ సొంతానికి తెచ్చుకోకూడదు, అలాంటివి కొనవద్దు. సాన పట్టేటప్పుడు ఎన్95 మాస్కు తప్పనిసరి, ఎందుకంటే కట్టె పొడిని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 1995లోనే క్యాన్సర్ కారకంగా తేల్చింది.

అడితి యజమానిని నేను కోరేది ఒక్కటే: కోసిన ప్రతి ముక్క మీదా చెట్టు పేరు, కోసిన నెల సుద్దతో కాకుండా చెరగని సిరాతో రాసి పెట్టాలి. ఆ మాట ఆయనకు చెప్పాను, వచ్చే లాటు నుంచి రాయిస్తామన్నారు.